దయ్యం మడుగులో రాయి

స్విట్జర్లాండులో లూసెర్న్ ఊరి పక్కన పిలాటుస్ అని ఓ కొండ ఉంది. ఎత్తు 2,128 మీటర్లు. ఆల్ప్స్ లెక్కకి అదేమంత ఎత్తు కాదు. కాని ఒకప్పుడు దాన్ని ఎక్కితే జైలే!

ఎందుకంటారా? తెలుగు బైబిల్లో పొంతి పిలాతు అని కనిపిస్తాడే, ఏసుకు మరణశిక్ష వేసిన రోమను అధికారి, ఆయనగారి శవాన్ని ఏ నదీ భరించలేదట. టైబర్‌లో వేస్తే తుఫాను, రోన్‌లో వేస్తే తుఫాను. ఆఖరికి తెచ్చి ఈ కొండమీది చిన్న మడుగులో పడేశారట. అందులో ఎవడైనా రాయి విసిరాడా, పిలాతు దయ్యం లేచి కుంభవృష్టి కురిపిస్తుందని భయం. మబ్బుటోపీ పెట్టుకున్న కొండ అనే అర్థంగల లాటిన్ మాటే ఆ పేరైందనీ, కథ తర్వాత పుట్టిందనీ పండితులంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

అలాగని ఊరివాళ్ళను వెర్రివాళ్ళనలేం. ఆ కొండవైపునుంచి వచ్చే క్రియెన్‌బాక్ వాగు పొంగి ఊరిమీద పడడం కథ కాదు, నిజం. అందుకే 1387లో చెప్పకుండా కొండెక్కబోయిన ఆరుగురు మతగురువుల్ని ఖైదులో వేశారు. 1555లో కోన్రాడ్ గెస్నర్ అంతటి శాస్త్రజ్ఞుడు కూడా అనుమతి పుచ్చుకునే ఎక్కాడు.

1585లో లూసెర్న్ మతగురువు యోహాన్ మ్యూలర్ జనాన్ని వెంటబెట్టుకుని వెళ్ళి, అందరూ చూస్తుండగా మడుగులోకి రాళ్ళు రువ్వాడు. పిలాతును కేకేసి కవ్వించాడు. ఏమీ జరగలేదు.

అయినా 1594లో ఊరివాళ్ళు గట్టుకు గండి కొట్టి మడుగు నీళ్ళు వదిలేశారు. ఎందుకైనా మంచిదని కాబోలు!