కాలిపోకముందు కొలిచిన మనిషి

2019 ఏప్రిల్ 15, సోమవారం. సాయంత్రం ఆరుంబావు దాటింది. పారిస్‌లోని నోత్రదామ్ చర్చిలో ప్రార్థన జరుగుతుండగా అలారం మోగింది. కాపలాదారు అటకెక్కి చూశాడు. మంటా లేదు, పొగా లేదు. తీరా చూస్తే ఆయన వెళ్లింది వేరే అటకకి! ఆ సంగతి తెలిసి, మెట్లన్నీ ఎక్కి అసలు చోటికి చేరేసరికి సుమారు అరగంట గడిచిపోయింది. ఎనిమిది శతాబ్దాల నాటి ఓక్ దూలాలు అప్పటికే భగ్గున మండుతున్నాయి.

ఏడూ యాభై ప్రాంతంలో శిఖరం విరిగింది. 1859లో ఆర్కిటెక్టు వయొలె-ల్య-ద్యుక్ నిలబెట్టిన శిఖరమది. నేల నుంచి 96 మీటర్ల ఎత్తున ఉండేది కాస్తా, రాతి కమానులను చీల్చుకుంటూ చర్చి లోపలికి కూలిపోయింది.

ఐదేళ్లలో మళ్లీ కట్టి తీరుతామని దేశాధ్యక్షుడు మక్రాన్ మర్నాడే ప్రకటించారు. కట్టాలంటే కొలతలు కావాలి. కొలతలనగానే చాలామందికి గుర్తొచ్చిన పేరు ఆండ్రూ టాలన్. కానీ ఆయన అప్పటికే లేరు. 2018 నవంబర్‌లో, అంటే ఐదు నెలల కిందటే, మెదడు క్యాన్సర్‌తో 49 ఏళ్లకే కన్నుమూశారు.

టాలన్ అమెరికాలో వాసర్ కాలేజీలో కళాచరిత్ర చెప్పే ప్రొఫెసర్. నాలుగో తరగతి వయసులో కొన్నాళ్లు పారిస్‌లో ఉన్నారు. ఆ చర్చి మీద మనసు పడింది అప్పుడే. ఇంత రాయిని అంత ఎత్తున ఎలా నిలబెట్టారన్నది ఆయన్ని వదలని ప్రశ్న. కట్టిన మేస్త్రీలు గీసుకున్న ప్లాన్లేవీ మనదాకా రాలేదు. ఇక కట్టడాన్నే అడగాలి.

2010లో కొలంబియా యూనివర్సిటీ కంప్యూటర్ నిపుణుడు పాల్ బ్లేర్‌తో కలిసి లేజర్ స్కానర్‌తో చర్చిలో అడుగుపెట్టారు. స్టాండు మీద కూర్చున్న ఆ యంత్రం చుట్టూ తిరుగుతూ కిరణాలు విసురుతుంది. కిరణం గోడకు తగిలి వెనక్కి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసుకుని దూరం లెక్కగడుతుంది. అలా ఒక్కో తాకిడికి ఒక్కో చుక్క. స్తంభం వెనకాల ఏముందో లేజరుకు కనబడదు, అందుకని యంత్రాన్ని ఇంకో చోటికి మార్చాలి. అన్ని చోట్ల నుంచీ తీసిన స్కాన్‌లు ఒకదానికొకటి అతకాలంటే రెండింట్లోనూ కనబడే గుర్తులు ఉండాలి. అలా లోపలా బయటా 50కి పైగా చోట్ల యంత్రాన్ని నిలబెట్టారు. వంద కోట్లకు మించి చుక్కలు చేరాయి. తేడా వస్తే అర సెంటీమీటరు. యంత్రం నిలబెట్టిన చోటే ఫొటోలూ తీసి, చుక్కలకు రంగులద్దారు.

తెర మీద తిప్పి చూస్తే చర్చి ఉన్నదున్నట్టు కనబడుతుంది. నిజానికి అందులో గోడ లేదు, స్తంభం లేదు, ఒక్క గీత కూడా లేదు. అంతా చుక్కలే. ముగ్గుకైనా అంతే కదా, ఏ చుక్కను దేనితో కలపాలో తెలిసిన చెయ్యి కావాలి. డ్రాఫ్ట్స్‌మన్ పని అక్కడ మొదలవుతుంది. ఈ చుక్కల గుంపును, అంటే పాయింట్ క్లౌడ్‌ను, కంప్యూటర్లో పటాలు గీసే క్యాడ్‌లోకి తెచ్చి, ఛాతీ ఎత్తున పలచటి ముక్క కోసి, మిగతాదంతా దాచేస్తాడు. పైనుంచి చూస్తే స్తంభం చుట్టూ చుక్కలు దండలా కనబడతాయి. వాటి మీదుగా గీత లాగుతాడు. స్కాన్ జరిగేటప్పుడు అడ్డంగా నడిచిపోయిన మనుషులు కూడా చుక్కలై ఉంటారు, వాళ్లనూ ఏరి పారెయ్యాలి.

అసలు చిక్కు క్యాడ్‌లోని ఆర్థో అనే మీట దగ్గర వస్తుంది. ఎఫ్8 నొక్కితే గీత తిన్నగా వస్తుంది, మూల తొంభై డిగ్రీలకు కూర్చుంటుంది. చేతికి అలవాటైన మీట అది. పాత కట్టడాల దగ్గర ఆ అలవాటే కొంప ముంచుతుంది. నోత్రదామ్ చుక్కల్లో టాలన్‌కు కనబడింది వంకరే మరి. పడమటి కొసన లోపలి స్తంభాలు ఒక వరసలో లేవు. అక్కడ ముందే ఉన్న పాత కట్టడాలను తీసెయ్యకుండా వాటి చుట్టూనే కట్టుకొచ్చినట్టున్నారు. ఎవరో ఆ గీతల్ని తిన్నగా దిద్ది ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

మంటలారాక కాలిన చర్చిని మళ్లీ స్కాన్ చేశారు. ప్రమాదానికి ముందు తీసినవి టాలన్ దగ్గరే కాదు, ఆర్ట్ గ్రాఫిక్ ఎ పాత్రిమ్వాన్ అనే ఫ్రెంచి సంస్థ దగ్గరా ఉన్నాయి. ఆ సంస్థ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆటోడెస్క్‌తో కలిసి, ముందరి చర్చికీ తర్వాతి చర్చికీ త్రీడీ మోడళ్లు తయారుచేసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఏది పోయిందో, ఏది మిగిలిందో తెలుసుకోవడానికి గుడ్డి అంచనాలతో పని లేదు.

అయితే లేజరుకు రాయి అడ్డొస్తే అంతటితో ఆగిపోతుంది. నేల మీద నిలబెట్టిన స్కానర్‌కు కమాను అడుగు కనబడుతుందే గాని, కమాను పైన దాగిన దూలాల అడవి కనబడదు. కాలిపోయింది ఆ అడవే. దానికి లెక్క ఇంకోచోట దొరికింది. రెమి ఫ్రోమోఁ, సెద్రిక్ త్రాంతెసో అనే ఇద్దరు ఆర్కిటెక్టులు అటకెక్కి, కట్టె కట్టెనూ కొలిచి, 2014 నాటికే పటాలు గీసి పెట్టారు. చుక్కలు అందనిచోట చేతి కొలత అక్కరకొచ్చింది. తర్వాత పునర్నిర్మాణం చూసిన ప్రధాన ఆర్కిటెక్టుల్లో ఫ్రోమోఁ ఒకరు.

పైకప్పుకూ శిఖరానికీ కలిపి సుమారు 2,000 ఓక్ చెట్లు కొట్టారు. ప్రధాన మండపం కప్పుకు వడ్రంగులు దూలాలను పాతకాలంలోలాగా గొడ్డళ్లతో చెక్కారు. 2024 డిసెంబర్ 7న తలుపులు తెరుచుకున్నాయి. పాత కప్పులో ఏ రెండు దూలాలూ అచ్చం ఒక్కలా ఉండేవి కావు. పటాలు గీసినవాళ్లు ఆ తేడాలను సగటు చేసి చదును చెయ్యలేదు కాబట్టి, కొత్త దూలాలనూ దేని కొలతకు దాన్ని చెక్కగలిగారు.