పరిసర శబ్దం: కొలత, చిరాకు (వేటపాలెం)

బాపట్ల జిల్లాలో చీరాల పక్కనున్న చేనేత పట్టణం వేటపాలెం. విజయవాడ–గూడూరు రైలు మార్గం మీద ఉంది. గుంటమగ్గంలో నాడె పరుగెత్తే టకటక ఇక్కడి వీధులకు అలవాటైన చప్పుడు. రైలు కూత అలా కాదు, ఉలిక్కిపడేలా చేస్తుంది.

మీటరు రెండింటినీ డెసిబెళ్లలోనే చూపుతుంది. హెచ్చుతగ్గులున్న శబ్దాన్ని అంతే శక్తిగల నిలకడ స్థాయిగా మార్చి చెప్పడం సాధారణ పద్ధతి. 2000 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. అసలు చిక్కు ఈ సగటులోనే ఉంది. రాత్రి 80 డెసిబెళ్ల కూత 10 సెకన్లు మోగిందనుకుందాం. ఎనిమిది గంటలకు సర్దితే దాని వాటా సుమారు 45 మాత్రమే. కాగితం మీద అది పరిమితికి అటూ ఇటూగా ఉంటుంది. ఉయ్యాలలో బిడ్డ మాత్రం లేచి కూర్చుంటుంది.

అందుకే మీటరుతోపాటు మనుషులనూ అడగాలి. గత 12 నెలల్లో ఇంట్లో ఉన్నప్పుడు ఫలానా శబ్దం ఎంత ఇబ్బంది పెట్టిందో 0 నుంచి 10 దాకా అంకె చెప్పమనడం ఐఎస్‌ఓ 15666 ప్రమాణం సూచించే పద్ధతి. బాగా విసిగిపోయినవారి శాతాన్ని డెసిబెళ్లతో జతచేసిన తొలి ప్రసిద్ధ రేఖను 1978లో అమెరికాలో థియోడర్ షుల్ట్జ్ గీశారు. ఒకే స్థాయి దగ్గరా జవాబులు మారతాయి: సొంత మగ్గం చప్పుడు కూడు పెడుతుంది, పక్కింటి లౌడ్‌స్పీకర్ పెట్టదు.