డ్రిల్లు పీరియడులో ఆడపిల్లలు

మన నర్సీపట్నం చుట్టుపక్కల ప్రాథమిక బడుల్లో 1970ల చివర చదివినవారికి డ్రిల్లు పీరియడు గుర్తుండే ఉంటుంది. వరసలో నిలబడటం, అటెన్షన్, చేతులు పైకి, కిందికి. ఇంతవరకు అందరికీ ఒకటే. బంతి బయటికి రాగానే గ్రౌండు మగపిల్లలది, చెట్టునీడ ఆడపిల్లలది. ఎవరూ ఆర్డరు వేయలేదు, అలవాటు అంతే.

డ్రిల్లంటే అసలు సిపాయిల కవాతు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో బడుల్లోకి వచ్చింది. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల స్థాపించాక, ఆటలు నేర్పే గురువులు తయారవడం మొదలైంది. ఆ గురువులు హైస్కూళ్ళకు వచ్చారు గానీ మా చిన్న బడులదాకా రాలేదు. 2009 విద్యాహక్కు చట్టం కూడా ప్రతి బడికీ ఆటస్థలం, ఆటసామాను ఉండాలంది. వ్యాయామ బోధకుణ్ణి మాత్రం 6 నుంచి 8 తరగతులకే, అదీ వందమందికి మించి పిల్లలున్నచోటే, పార్ట్‌టైముగా అడిగింది. ఆడించే మనిషి లేనిచోట గ్రౌండు గట్టిగా అరిచినవాడిదే అవుతుంది.

ప్రపంచం తీరూ ఇంతే. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు 800 మీటర్ల పరుగు పెట్టి, వాళ్ళు తట్టుకోలేరని తీసేశారు. మళ్ళీ 1960లో గాని పెట్టలేదు. వెయిట్‌లిఫ్టింగ్ మగవాళ్ళకు 1896లోనే ఉంటే, ఆడవాళ్ళకు 2000 సిడ్నీలో మొదలైంది. ఆ మొదటిసారే మన ఉత్తరాంధ్ర ఆడపడుచు, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆవిడే. తలుపు తీసిన రోజే లోపలికి నడిచారు. అది మూసి ఉన్నన్నాళ్ళూ ఎందరు మల్లీశ్వరులు చెట్టునీడన కూర్చుండిపోయారో!

ఆడపిల్లలకు ఆటలు రాకనా? తొక్కుడుబిళ్ళకు ఒంటికాలి నిలకడ కావాలి. తాడాటకు దమ్ము కావాలి. కాని వాటికి పోటీ లేదు, కప్పు లేదు, ప్రేయర్లో చప్పట్లూ లేవు.

ఇంజినీరును కనుక కొలతలు చెబుతాను. మహిళల కబడ్డీ కోర్టు పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. అంటే 96 చదరపు మీటర్లలో 14 మంది ఆడుకోవచ్చు. క్రికెట్టుకు గ్రౌండంతా ఇచ్చినా బ్యాటు పట్టేది ఇద్దరే. చోటు చాలదన్న మాట లెక్కకు నిలవదు. ఉన్న చోటును పంచకపోవడమే అసలు లోటు.

స్వర్ణోత్సవ వేళ మన సంఘానికి నా మనవి ఒకటే. ఆర్చీ, శిలాఫలకం తర్వాత చూసుకోవచ్చు. ముందు దగ్గర్లోని ఒక ప్రాథమిక బడిలో సున్నంతో రెండు కోర్టులు గీయిద్దాం. తాళ్ళు, బంతులు కొనిద్దాం. వారానికి రెండు పీరియడ్లు ఆడించడానికి ఒక వ్యాయామ టీచరుకు గౌరవవేతనం ఇద్దాం. ఆ వయసులో ఆడ, మగ పిల్లల బలంలో పెద్ద తేడా ఉండదు కాబట్టి ఖోఖో జట్టులో సగం సగం ఉండాలని నియమం పెడదాం. నా వంతు చందాతో పాటు, గ్రౌండు కొలిచి ముగ్గు పోయించే పని కూడా నాదే.