మ్యాగజైన్ మన ఖజానాలోదే

మొన్న పాత రిసాలాలు అట్టపెట్టెలో సర్దుతుంటే మా అమ్మాయి అంది: "అబ్బా, రిసాలా అంటే బళ్లో నవ్వుతున్నారు. అందరిలా మ్యాగజైన్ అనొచ్చుగా?" అను బేటీ, వద్దన్నదెవరు? కాకపోతే అదీ మన వైపు నుంచి పోయిన లఫ్జేనన్నాను. నమ్మలేదు. అందుకే ఇది రాస్తున్నా.

అరబ్బీలో ఖ, జ, న అక్షరాల ధాతువుకి దాచిపెట్టడమని అర్థం. దాచే చోటు మఖ్జన్, బహువచనం మఖాజిన్. మనం రోజూ అనే ఖజానా కూడా ఈ ఖాన్‌దానే. సూరా యూసుఫ్ 55వ ఆయత్‌లో యూసుఫ్ అలైహిస్సలాం మిస్ర్ బాద్షాను అడిగింది ఖజాయిన్ బాధ్యతే. ఖజానా అనగానే మనకు బంగారం గుర్తొస్తుంది గానీ, అక్కడ అసలు సంగతి కరువు రోజులకు దాచే ధాన్యం.

సౌదాగర్ల సరుకుతో పాటు ఈ మాటా మధ్యధరా సముద్రం దాటింది. ఇటలీలో మగజ్జీనో అయింది. స్పెయిన్ వాళ్లు ముందున్న 'అల్' కూడా వదలకుండా అల్మసేన్ అన్నారు. ఫ్రాన్సులో మగజాన్ అంటే ఇప్పటికీ దుకాణమే. 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులో చేరినప్పుడు దాని అర్థం గోదాము. తర్వాత బారూదు, ఆయుధాలు దాచే చోటుకు ఆ పేరు స్థిరపడింది. 1857 మే 11న ఢిల్లీ కాశ్మీరీ గేటు దగ్గర, సిపాయిల చేతికి చిక్కకూడదని ఇంగ్లీషువాళ్లు తామే పేల్చేసుకున్న మ్యాగజైన్ అలాంటిదే. తుపాకీలో తూటాలు పెట్టే డబ్బాకీ అదే పేరు.

మరి చదివే పుస్తకానికి ఎలా వచ్చింది? 1731లో లండన్‌లో ఎడ్వర్డ్ కేవ్ తన పత్రికకు 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్' అని పేరు పెట్టాడు. రకరకాల రాతలు నిల్వచేసిన గోదామన్నమాట. ఆ పేరు పత్రికలన్నిటికీ అంటుకుంది.

నాకు బాగా నచ్చిన ముచ్చట వేరే ఉంది. 1901లో లాహోర్‌లో షేక్ అబ్దుల్ ఖాదిర్ ఒక ఉర్దూ పత్రిక మొదలుపెట్టారు. ఇక్బాల్ 'హిమాలా' నజ్మ్ అచ్చయింది అందులోనే. ఆ పత్రిక పేరు 'మఖ్జన్'. ఇంగ్లీషు కోటు తొడుక్కుని తిరిగిన లఫ్జు, కోటు విప్పేసి ఇంట్లో కూర్చున్నట్టు!

అంతా విని అమ్మాయి స్కెచ్‌పెన్ను తెచ్చింది. అట్టపెట్టె మీద ఉర్దూలో 'మఖ్జన్' అని రాసింది. ఒక నుఖ్తా తగ్గింది. పక్కన కూర్చుని ఎక్కడ పెట్టాలో చూపించాను.