మూడు పుంజుల లెక్క

రాజుల కోళ్లకు చరిత్ర ఉన్నది. పల్నాట నాగమ్మ పుంజూ బ్రహ్మనాయుడి పుంజూ పందెం కొట్టినయని, ఓడిన మాచర్లోళ్లు ఏడేండ్లు వలసపోయిండ్రని, ఆఖరికి 1182ల కారంపూడి దగ్గర యుద్ధం జరిగిందని కథ. ఆ యుద్ధం చేసిన మాల కన్నమదాసు పేరన్నా మిగిలింది. ఆ పుంజుల్ని గంప కింద కమ్మి, నూకలేసి సాకిన చేతులెవరివో ఏ కథా చెప్పదు. ఇగ మాదిగవాడ కోళ్ల సంగతి అడిగేదెవరు? అందుకే మా నాయనమ్మ కోళ్ల లెక్క రాస్తున్న.

తిరుమలాయపాలెంల మా గుడిసె ముందు ఆరు పెట్టలకు మూడు పుంజులుండేటియి. కోళ్లు సాకినోళ్లెవరైనా అది తప్పు లెక్కంటరు. ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. ఎక్కువైతే పెట్టల వీపు మీద ఈకలుండవు, పుంజుల తలలు నెత్తురు కారుతయి. మరి మూడెందుకే అంటే, "ఒకటి దొరది, ఒకటి ముత్యాలమ్మది, ఒకటి మనది" అనేది.

నాయనమ్మ చిన్నప్పుడు మాది నిజాం రాజ్యం, వరంగల్ జిల్లా. ఖమ్మం జిల్లా 1953లో గాని ఏర్పడలేదు. మావోళ్లు చెప్పులు కుట్టాలె, మోటకు తోలియ్యాలె, డప్పు కొట్టాలె, సర్కారు మూటలు మొయ్యాలె. అంతా వెట్టి. కొలువోడు ఊర్లకు దిగితే కోడి సుత ఇయ్యాలె. చేతికేది దొరికితే అది పట్టుకపోయేటోళ్లు. పొదుగు మీదున్న పెట్టను సుత లేపేటోళ్లు. గుడ్లు చల్లబడి మురిగేటియి. అప్పుడు వాళ్లమ్మ ఒక ఉపాయం పట్టింది. బలిసిన పుంజునొకదాన్ని గడప ముందే కట్టేసుడు. వచ్చినోడి కన్ను దాని మీదనే పడాలె. పెట్టలు కంప చాటున ఉండాలె. "పుంజు పోతే ఒక్కపూట కూర పోతది, పెట్ట పోతే ఇల్లే పోతది" అనేది.

మూడింటిని ఒక్క వాకిట్ల ఉంచుడు మాటలు కాదు. ఒకే తల్లి కింద పెరిగిన అన్నదమ్ముల్నే ఉంచేది. వాటికి ఎవరు పెద్దో చిన్ననాడే తేలుతది. బయటి పుంజును తేనియ్యకపోయేది. పొద్దున ఒకదాన్నే పెట్టలల్లకు ఇడిసేది. తక్కిన రెండిటిని ఒకదానికొకటి కనపడకుండ కట్టేది, నడుమ గోనెపట్టా అడ్డం. నూకలు మూడు తావుల చల్లేది. పదునెక్కిన కాలిముల్లు మొన రాయి మీద అరగదీసేది. ఒకటి జబ్బుపడి వారం వేరుగుంటే, తిరిగొచ్చినంక పాత లెక్క చెల్లదు, మళ్లా కొట్లాటే. అందుకని చీకట్ల దండెం మీద మెల్లగ కూసోబెట్టేది.

1946ల పోరాటం లేచినంక సంఘపోళ్లు ఊర్లల్ల వెట్టి బందు పెట్టించిండ్రు. 1948 సెప్టెంబర్‌ల మిలిట్రీ వచ్చినంక, పారిపోయిన దొరలు చాలా ఊర్లకు తిరిగొచ్చిండ్రు. 1950లో రాజ్యాంగం, దాని 23వ అధికరణ, వెట్టిని నేరమన్నది. పేరు పోయింది గాని మా గడప ముందు పుంజు పోలేదు. పెద్దింటికి సుట్టాలొస్తే జీతగాడు వచ్చి "పైసలు తర్వాత" అని తీస్కపోయేది. ఆ తర్వాత ఎన్నడూ రాలేదు.

1975ల నేను నాలుగో తరగతి. ఎవరూ లేంది చూసి మూడింటినీ ఇడిసిన. ఇడిపించే లోపలనే దొర పుంజుకు కన్ను పోయింది. నాయనమ్మ నన్ను బాగ కొట్టింది. రెండ్రోజులకు జీతగాడు వచ్చిండు. ఆయనా మా వాడోడే.

"దీన్ని కొండపోతే నన్ను తంతరు పెద్దమ్మా, ఇంకోటియ్యి."

"అది ముత్యాలమ్మది కొడుకా."

"మరి అది?"

నాయనమ్మ జర ఆగింది. "అది మాది" అన్నది.

ఉత్తచేతుల పోయిండు. ఆ రాత్రి మా నాయిన తడక పక్కన నిద్రలేక కూసున్నడు. ఎవరూ రాలేదు. తెల్లారినంక నాయనమ్మ ఆ పుంజు తాడిప్పింది.

ఇప్పుడు మా ఇంట్ల తొమ్మిది పెట్టలకు ఒక్కటే పుంజు. పుస్తకాల లెక్కకు సరిపోతది. నాయనమ్మకు ఆ లెక్క తెల్వక కాదు. మిగిలిన రెండూ ఎవరెవరి లెక్కల్లనో ఉండేటియి. ఒంటికన్ను పుంజును మాత్రం ఎవరం కోయలేదు. ముసలిదై సచ్చేదాక కాలికి తాడు లేకుండ గడప ముందే తిరిగింది.