పురుటి మంచం మీద తండ్రి

బిడ్డ పుట్టిన వేళ బాలింత పాటించే మైలను, పథ్యాన్ని, కొన్నిచోట్ల ఆమె పొందే ఉపచారాలను సైతం తండ్రి తనమీద వేసుకునే ఆచారాన్ని మానవశాస్త్రంలో ‘కూవాడ్’ అంటారు. పొదగడం అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ నుండి పుట్టిన ఈ మాటను శాస్త్ర పరిభాషలోకి తెచ్చినవాడు ఇ. బి. టైలర్, 1865లో వెలువడిన ఆయన గ్రంథంతో అది స్థిరపడింది. పక్షులలో నిజంగానే పొదిగే తండ్రులున్నారు: కొల్లేటి వంటి మంచినీటి సరస్సులలో తామరాకుల మీద నడిచే జకానాలలో ఆడపక్షి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, వాటిని పొదిగి పిల్లలను సాకేది మగపక్షే.

మనుషులలో ఈ ఆచారపు ప్రస్తావన క్రీ.పూ. 3వ శతాబ్దపు గ్రీకు కవి అపొలోనియస్ నాటికే ఉంది; ఆయన దానిని నల్లసముద్ర తీరవాసులకు ఆపాదించగా, 13వ శతాబ్దంలో మార్కో పోలో నేటి చైనాలోని యునాన్ ప్రాంతపు ప్రజలలో ఉన్నట్లు చెప్పాడు. తెలుగునాటి ఆధారం మాత్రం వీటికంటే వివరమైనది. గోదావరి ప్రాంతంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ 1874లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో ఎరుకలవారి గురించి రాస్తూ, భార్యకు నొప్పులు మొదలుకాగానే భర్త ఆమె బట్టలు కట్టుకొని, నుదుట బొట్టు పెట్టుకొని, చిన్న దీపం మాత్రమే వెలిగే చీకటి గదిలో దుప్పటి కప్పుకొని పడుకుంటాడనీ, పుట్టిన బిడ్డకు స్నానం చేయించి అతని పక్కనే పడుకోబెడతారనీ, ఇంగువ, బెల్లం తల్లికి కాక అతనికే తినిపిస్తారనీ, మైల తీరేదాకా అతడు మంచం దిగకూడదనీ నమోదు చేశాడు.

ఇంగువ తినే ఈ తండ్రిని ఇరుగుపొరుగువారు సామెతలు కట్టి ఎగతాళి చేశారు. పాలకులు 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద ఆ జాతికే నేరస్థులన్న ముద్ర వేశారు. పరాయి కళ్ళకు వింతగా తోచిన ఆ మంచం మీద ఒక తండ్రి బిడ్డను ఒడిలోకి తీసుకుంటున్నాడన్న సంగతి ఎంతోకాలం మరుగునపడింది.

పండితులు దీనికి పలు కారణాలు వెతికారు. తండ్రి చేసే ప్రతి పనీ కంటికి కనిపించని బంధం ద్వారా శిశువుకు తగులుతుందన్న నమ్మకమే మూలమని ఫ్రేజర్ భావించాడు. ఇలాంటి నమ్మకాన్ని ‘సానుభూతి మంత్రం’ అంటారు. దక్షిణ అమెరికాలోని గయానా ఆదివాసులలో తండ్రి బిడ్డ క్షేమం కోసం వేట, కొన్ని మాంసాలు మానుకోవడం ఈ కోవలోదే. తల్లి బంధం కడుపులోనే ఏర్పడుతుంది కనుక తండ్రి బంధాన్ని సమాజం ఆచారంతో నిలబెడుతుందని 1927లో మలినోవ్‌స్కీ వాదించాడు. ఎరుకలవారి విషయంలో ఈ రెండవ వివరణే సబబుగా ఉంది, ఎందుకంటే బిడ్డను తండ్రి పక్కన పడుకోబెట్టడమే ఆ తంతుకు గుండెకాయ.

ఆ బంధం కేవలం తంతుతో ఆగదు. తండ్రి కాబోయే పురుషుల రక్తంలో కూడా, పాల ఉత్పత్తికి తోడ్పడే ప్రొలాక్టిన్ వంటి హార్మోన్లలో మార్పులు వస్తాయని 2000లో కెనడా పరిశోధకులు చూపారు. ప్రసవ సమయంలో భార్యాబిడ్డల దగ్గర ఉండడానికి భారత ప్రభుత్వం తన పురుష ఉద్యోగులకు 15 రోజుల సెలవు మంజూరు చేసినది 1997లో, కెయిన్ ఆ రచన చేసిన 123 ఏళ్ళకు.