రాగానికి ఇత్తడి గొంతు: 1968 నాటి ఒక వాద్య సంగీత రికార్డు

1955లో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ఫలితంగా, నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఛత్తీస్‌గఢీ పల్లెల నడుమ కొత్తగా వేసిన సెక్టార్లలో తెలుగు, బెంగాలీ, మలయాళీ, పంజాబీ, ఒడియా కుటుంబాలు పక్కపక్క క్వార్టర్లలో కాపురాలు పెట్టాయి. ఇంటి భాషలు వేరైన ఇటువంటి ఊళ్లకు ఉమ్మడి ఆస్తిగా దక్కిన వాటిలో హిందీ చలనచిత్ర సంగీతం ఒకటి. ఒప్పందానికి ముందటి సంవత్సరం, 1954లో, రాజ్‌కపూర్ చిత్రం ‘ఆవారా’ సోవియట్ దేశంలో విడుదలై అపారమైన ఆదరణ పొందింది. భిలాయి నిర్మాణానికి వచ్చిన సోవియట్ నిపుణులు ఆ చిత్రంలోని బాణీలు అప్పటికే ఇంటింటా తెలిసిన దేశం నుంచి వచ్చినవారు.

ఆ బాణీలు కట్టిన శంకర్–జైకిషన్ జంటలో శంకర్ హైదరాబాదులో 1922లో జన్మించినవాడు. పూర్తి పేరు శంకర్ సింగ్ రఘువంశీ. తబలా నేర్చి, బొంబాయి చేరి, పృథ్వీ థియేటర్స్ నాటక సంస్థలో వాద్యకారుడయ్యాడు. గుజరాత్‌లోని బాంస్డాకు చెందిన జైకిషన్‌తో అక్కడే జత కుదిరింది. 1949లో ‘బర్సాత్’తో వారి పేరు దేశమంతటా మారుమోగింది. 1955 నాటి ‘శ్రీ 420’లో ఒక పాట పల్లవి తెలుగు మాటలతో మొదలవడం శంకర్ హైదరాబాదు బాల్యపు జ్ఞాపకమేనని చెప్పుకొంటారు. 1971లో ఎన్.టి. రామారావు నటించిన ‘జీవిత చక్రం’కు సంగీతం సమకూర్చి ఈ జంట తెలుగు చిత్రసీమకూ నేరుగా దగ్గరైంది.

1968లో వారికి పద్మశ్రీ పురస్కారం లభించింది. మాటలు లేని, గాయకుడు లేని, చలనచిత్రంతో సంబంధం లేని రికార్డొకటి హెచ్.ఎం.వి. ద్వారా వెలువడిందీ ఆ సంవత్సరమే. దాని పేరు ‘రాగా జాజ్ స్టైల్’. అందులో తోడి, భైరవ్, మాల్కౌంస్, కళావతి, తిలక్ కామోద్, మియా మల్హార్, బైరాగి, జైజైవంతి, మిశ్ర పీలు, శివరంజని, భైరవి అనే పదకొండు రాగాలున్నాయి. ప్రతి రాగమూ కొద్ది నిమిషాల రచన. ఇటీవలి దశాబ్దాలలో ఈ రికార్డు సీడీగానూ, తిరిగి ఎల్పీగానూ వెలువడి కొత్త తరం శ్రోతలను సంపాదించుకొంది. ఈ పునరాగమనాన్ని పాత వస్తువులపై మోజుగా తీసివేయడం తగదు. చలనచిత్ర సంగీతం ఎవరి శ్రమ అన్న ప్రశ్నను ఇది మళ్లీ ముందుకు తెస్తున్నది.

అది ప్రపంచమంతటా వాద్య సంగీతానికి గిరాకీ ఉన్న కాలం. అమెరికాలో హెర్బ్ ఆల్పర్ట్ ‘టిహువానా బ్రాస్’ బృందం 1965లో వెలువరించిన ట్రంపెట్ ప్రధానమైన రికార్డు లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. ఇంగ్లండులో 1966లో జాన్ మేయర్, జో హారియట్ ‘ఇండో–జాజ్ సూట్’ రూపొందించారు. 1967లో మాంటెరీ ఉత్సవంలో రవిశంకర్ సితార్ వినిపించారు. ఆ ప్రయత్నాల వెనుక కచేరీ వేదికలూ, జాజ్ క్లబ్బులూ ఉన్నాయి. బొంబాయి రికార్డు వెనుక ఉన్నది చలనచిత్ర స్టూడియో, అందులో రోజుకూలీ పద్ధతిలో పనిచేసిన వాద్యకారులు.

ఆ వాద్యకారులలో గోవా వారిది ప్రత్యేక స్థానం. పోర్చుగీసు పాలనలోని గోవాలో చర్చి పాఠశాలలు పాశ్చాత్య స్వరలిపిని నేర్పేవి. ఆ చదువుతో బొంబాయి చేరిన యువకులు హోటళ్లలో జాజ్ వాయించి, చలనచిత్ర వాద్యబృందాలకు వెన్నెముకగా నిలిచారు. శంకర్–జైకిషన్‌ల బాణీలను కాగితంపై స్వరబద్ధం చేసి, ఏ వాద్యం ఎక్కడ పలకాలో నిర్ణయించిన సెబాస్టియన్ డిసౌజా కూడా గోవా వాసి. అయినా చిత్రాలలో వారి పేర్లు కనిపించడం అరుదు. పాటకు సంగీత దర్శకుడు, కవి, గాయకుడు మాత్రమే కర్తలు.

‘రాగా జాజ్ స్టైల్’ ఈ ఆనవాయితీని కొంతవరకు సడలించింది. సితార్ రయీస్ ఖాన్, ట్రంపెట్ జాన్ పెరీరా, సాక్సోఫోన్ మనోహారి సింగ్, వేణువు సుమన్ రాజ్, పియానో లూసిలా పచేకో, గిటార్ దిలీప్ నాయక్, డ్రమ్స్ లెస్లీ గోడిన్హో, తబలా రమాకాంత్ మ్హాప్సేకర్ మున్నగువారి పేర్లు నేడు ఈ రికార్డు ద్వారానే ఎందరికో తెలుస్తున్నాయి.

వీరిలో మనోహారి సింగ్ జీవితం పారిశ్రామిక నగరాల వారికి ఆసక్తి కలిగిస్తుంది. కలకత్తాలోని నేపాలీ కుటుంబంలో 1931లో పుట్టిన ఆయన, తొలి శిక్షణను బాటానగర్‌లోని చెప్పుల కర్మాగారం బ్యాండులో పొందాడు. ఆ బ్యాండుకు జోసెఫ్ న్యూమన్ అనే హంగేరియన్ నాయకుడు. కలకత్తా హోటళ్లలో వాయించి, సలిల్ చౌధురి ప్రోత్సాహంతో 1958లో బొంబాయి చేరాడు. అంటే ఈ రికార్డులో వినిపించే మెత్తని సాక్సోఫోన్ నాదం ఒక కార్మిక పట్టణంలో పుట్టినదన్నమాట. పరిశ్రమ చుట్టూ వెలసే ఊళ్లు సరుకుతోపాటు సంగీతాన్నీ తయారుచేయగలవని చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఇక సంగీత విషయం. ట్రంపెట్‌కు మూడు మీటలు. మధ్య మీట నొక్కితే స్వరం అర మెట్టు, మొదటిది నొక్కితే ఒక మెట్టు, మూడవది నొక్కితే ఒకటిన్నర మెట్టు దిగుతుంది. స్వరస్థానాలు పన్నెండూ దొరుకుతాయి. కాని రెండు స్వరాల నడుమ జారుడుకు పెదవుల బిగువే ఆధారం. సాక్సోఫోన్ ఇత్తడితో చేసినదే అయినా, పీకతో పలికేది కనుక దానిని కొయ్య వాద్యాల వర్గంలో చేరుస్తారు. ఆ పీక మూలంగానే దానికి కొంత వెసులుబాటు ఉంది. నాదస్వరం విన్న తెలుగువారికి ఈ భేదం తేలికగా బోధపడుతుంది. కరవది నుంచి శ్రీరంగం వరకు కీర్తి గడించిన షేక్ చినమౌలానా వాదనలో గమకాన్ని పుట్టించింది పీకపై పెదవుల ఒత్తిడి, ఊపిరుల అదుపే. కద్రి గోపాల్‌నాథ్ సాక్సోఫోన్‌ను కర్ణాటక సంగీతానికి లొంగదీయడానికి ఏళ్ల తరబడి సాధన చేయవలసి వచ్చింది.

ఈ పరిమితి రికార్డులోని రాగాల ఎంపికలో ప్రతిఫలించింది. పదకొండింటిలో మాల్కౌంస్, కళావతి, బైరాగి, శివరంజని అనే నాలుగు ఔడవ రాగాలు, అనగా అయిదు స్వరాలవి. మొదటి మూడింటికి మన హిందోళం, వలజి, రేవతి సమానమైనవి. స్వరాల మధ్య ఎడం ఎక్కువ గల ఇటువంటి రాగాలలో ఇత్తడి వాద్యం నిటారుగా నిలిచి పలుకుతుంది. గాంధారం ఊగవలసిన మియా మల్హార్‌లో మాత్రం ట్రంపెట్ రాగపు గీతను గీయగలదే గాని దాని తడిని చూపజాలదు. ఆ లోటును సితార్ భర్తీ చేస్తుంది. మీండ్ గల వాద్యానికి రాగపు ఆత్మను, మీటల వాద్యానికి రాగపు రూపాన్ని పంచి ఇవ్వడమే ఈ రచనల కిటుకు. దీనిని సంపూర్ణమైన జాజ్ అనలేము. అప్పటికప్పుడు అల్లే స్వేచ్ఛ ఇందులో మితం. సంపూర్ణమైన రాగాలాపన అనీ అనలేము. స్టూడియో క్రమశిక్షణ ఎంతటి నైపుణ్యాన్ని పెంచిందో చూపే నమూనా ఇది.

పునరుద్ధరణ అవసరం ఇక్కడే తెలుస్తుంది. అరిగిన ఎల్పీపై మొదట దెబ్బతినేవి పై స్థాయి నాదాలు: ట్రంపెట్ అంచు, తాళపు పళ్లేల మెరుపు, సితార్ తరపుల గలగల. మూల టేపును సరిచూసి, దుమ్ము వదిలించి, అంకెల రూపంలోకి మార్చి, స్వరాల సమతూకం సరిదిద్దినప్పుడు ఒక్కొక్క వాద్యకారుడు తన చోట తాను నిలబడి వినిపిస్తాడు. అయితే చప్పుడును అతిగా తుడిచివేస్తే ఊపిరి శబ్దమూ పోతుంది. ఆధునిక రుచి కోసం బిగ్గరతనం పెంచితే మెల్లని, గట్టి నాదాల భేదం చెరుగుతుంది. చిత్తరువును శుభ్రపరిచేవాడు రంగు వేయరాదన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది.

జైకిషన్ 1971లో, శంకర్ 1987లో, మనోహారి సింగ్ 2010లో, రయీస్ ఖాన్ 2017లో మరణించారు. భవనాలనూ, శాసనాలనూ పరిరక్షించే శ్రద్ధను ధ్వని టేపుల పట్ల కూడా చూపవలసి ఉంది. ఎందుకంటే అయస్కాంతపు పూత రాలిపోయిన టేపును తవ్వి తీయగల పురావస్తు శాస్త్రం లేదు. అంతకన్న ముఖ్యం, పునర్ముద్రించే ప్రతి రికార్డుపైనా వాయించినవారి పేర్లు తప్పక ఉండాలి. ఉక్కు పట్టాపై కొలిమి కార్మికుని పేరు ఉండదు. పాటపై వాద్యకారుని పేరు ఉండవచ్చునని 1968లోనే ఒక రికార్డు నిరూపించింది.